లైను ఎంత లావుండాలి? ముందు ఏ లైనో చెప్పండి

గాజువాక ఆటోనగర్‌లో పెట్రోలు లైను కొలత వేళ్లతో చెప్తారు. "చిటికెనవేలంత చాలు బాబూ" అంటాడు ఒక మేస్త్రి. "అది మామూలు బండికి. టర్బో ఏస్తే బొటనేలంత ఉండాల" అంటాడు పక్క షెడ్డాయన. కార్బురేటర్ రోజుల నాటి మా 1.3 లీటర్ల మారుతి ఎస్టీమ్ కారును ఇంజక్షన్‌కు మార్చి, చిన్న టర్బో (ఇంజనులోకి అదనంగా గాలి ఊదే పరికరం) తగిలించే పని పెట్టుకున్నప్పుడు నాకు రెండు సలహాలూ దొరికాయి. నాకు రెండోదే నచ్చింది. లావెక్కువైతే పోయేదేముందిలే అనుకున్నాను. ఏం పోయిందో అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే తెలిసింది. ఆ కథ కాసేపాగి చెప్తాను.

"ఇన్ని హార్స్‌పవర్‌లకు ఎన్ని మిల్లీమీటర్ల లైను?" అన్నది అందరూ అడిగే ప్రశ్న. దానికి సూటిగా జవాబు రాకపోవడానికి కారణం ఒక్కటే. కారు కింద ఉండేది ఒక లైను కాదు, మూడు. ట్యాంకు నుంచి పంపు దాకా పీల్చే లైను, పంపు నుంచి ఇంజను దాకా నెట్టే లైను, ఇంజను తాగగా మిగిలింది ట్యాంకుకు తెచ్చే రిటర్న్ లైను. మూడింట్లో పారేది అదే పెట్రోలు, కానీ దేని కష్టం దానిది. మొదటిది సన్నగా ఉంటే బండి ఆగిపోతుంది. రెండోది కాస్త సన్నబడినా మీకు తెలియనే తెలియదు. మూడోది సన్నబడితే బండి నిలబడి ఉన్నప్పుడు ఏడిపిస్తుంది, పరిగెత్తేటప్పుడు కాదు.

ముందు ఇంజను ఎంత తాగుతుందో చూద్దాం. ఒక హార్స్‌పవర్‌ను గంటసేపు ఇవ్వాలంటే టర్బో లేని మంచి పెట్రోలు ఇంజను సుమారు 0.23 కిలోల పెట్రోలు తాగుతుంది. టర్బో ఇంజనుకు చల్లదనం కోసం కొంచెం ఎక్కువే పోస్తాం కాబట్టి 0.27 అనుకోవచ్చు. నా లక్ష్యం 150 హార్స్‌పవర్. అంటే గంటకు 40.5 కిలోలు. లీటరు పెట్రోలు 0.74 కిలోలు తూగుతుంది కాబట్టి 55 లీటర్లు. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే అయిదో వంతు ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండొంతులే కాబట్టి, ఇంకో ఏడు శాతం కలపాలి. మొత్తం 59. లెక్క సులువుగా ఉండడానికి 60 అనుకుందాం. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి పట్టుకున్నా ఇంజను తాగేది నిమిషానికి ఒక్క లీటరు.

ఇక పంపు సంగతి. ట్యూనింగ్ సరదా ఉన్నవాళ్లు ఎక్కువగా కొనేది గంటకు 255 లీటర్లని రాసి ఉండే పంపు. 3 బార్ ఒత్తిడి (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత) దగ్గర అది నిమిషానికి 4 లీటర్లు నెడుతుందనుకోండి. ఇంజను ఒక లీటరు తాగితే మూడు లీటర్లు వెనక్కి పోతాయి. బండి ఐడిల్‌లో ఉంటే నాలుగుకు నాలుగూ వెనక్కే. రిటర్న్ ఉన్న సిస్టంలో పంపుకు ఇంజను ఎంత తాగుతోందన్న పట్టింపు ఉండదు, అదెప్పుడూ ఒకే పని చేస్తుంది. కాబట్టి లైను కొలతను ఇంజను హార్స్‌పవర్‌తో కాదు, పంపు ప్రవాహంతో లెక్క కట్టాలి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. పెద్ద పంపు కొని, దానికోసం పెద్ద లైను వేసి, ఆ పెద్ద లైను ఇంజను కోసం వేశామనుకుంటారు.

గొట్టంలో ఒత్తిడి ఎంత పోతుందన్నది రిఫైనరీ వాళ్లకు నిత్యం ఉండే లెక్కే. మల్కాపురం దగ్గర 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై ఇప్పుడు హెచ్‌పీసీఎల్ చేతిలో ఉన్న రిఫైనరీ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ దాకా పైపులైను ఉంది. దానికైనా, ఎస్టీమ్ కింద నాలుగున్నర మీటర్ల గొట్టానికైనా వాడేది అదే డార్సీ–వైస్‌బాక్ సూత్రం. అందులో మనకు కావాల్సిన ముక్క ఇది: ప్రవాహం రెట్టింపైతే నష్టం మూడు, నాలుగు రెట్లవుతుంది. గొట్టం లోపలి వ్యాసం పెరిగితే నష్టం దాదాపు దాని అయిదో ఘాతంలో పడిపోతుంది. మేడ మీద ట్యాంకు నుంచి బాత్రూంకు అరంగుళం పైపు దించిన ఇంట్లో షవర్ ఎలా వస్తుందో, ముప్పావంగుళం దించిన ఇంట్లో ఎలా వస్తుందో చూసినవాళ్లకు దీన్ని వేరే చెప్పక్కర్లేదు. ఒకటిన్నర రెట్ల లావుకు నష్టం ఏడో వంతుకు దిగుతుంది.

నా కారు అంకెలతో చెప్తాను. నిమిషానికి 4 లీటర్లు, పొడవు 4.5 మీటర్లు. లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్లయితే నష్టం సుమారు 2.7 బార్. 6 అయితే 0.4 బార్. 8 అయితే 0.1. నేను ముచ్చటపడి కొన్న ఏఎన్ 8 హోస్, అంటే లోపల 11 మిల్లీమీటర్లు, అయితే 0.02. నాలుగు నుంచి ఆరుకు వస్తే ప్రపంచమే మారిపోతుంది. ఎనిమిది నుంచి పదకొండుకు పోతే జేబు మాత్రమే మారుతుంది.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. 6 మిల్లీమీటర్ల లైనులో 0.4 బార్ పోతే, ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజక్టర్ల దగ్గర 3 బార్ బదులు 2.6 మాత్రమే మిగులుతుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటరు ఉండేది రైల్ (ఇంజక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) చివర, ఇంజక్టర్ల తర్వాత. అది రైల్‌లో 3 బార్ ఉండేలా రిటర్న్ దారిని నొక్కి పడుతుంది. లైను తినేసిన 0.4 బార్‌ను చెల్లించేది రైల్ కాదు, పంపు. పంపు 3 బదులు 3.4 బార్ మీద నెట్టాల్సి వస్తుంది. అంత ఒత్తిడి దగ్గర దాని ప్రవాహం కొంచెం తగ్గుతుంది, అంతే. నిమిషానికి 4 రావాల్సింది మూడున్నర, మూడుముప్పావు వస్తుంది. ఇంజనుకు కావాల్సింది ఒకటి. ఇంకేం కావాలి?

టర్బో 0.7 బార్ నెట్టినప్పుడు రెగ్యులేటరు కూడా అంతే పెంచి రైల్‌ను 3.7కు తీసుకుపోతుంది. పంపు 4 బార్ దాటి పని చేస్తుంది, ప్రవాహం నిమిషానికి మూడు లీటర్ల చుట్టుపక్కలకు దిగుతుంది. అయినా ఇంజను అవసరానికి మూడింతలు. ఈ మిగులు ఉన్నంతకాలం నెట్టే లైను సన్నదనం ఎక్కడా పైకి తేలదు. మిగులు అయిపోయిన క్షణాన మాత్రం రైల్ ఒత్తిడి ఒక్కసారిగా కూలుతుంది. ఇంజక్టరు ప్రవాహం ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 3 బార్ తేడా 2.6కు పడితే ఏడు శాతం పెట్రోలు తగ్గుతుంది. ఒక వంతు పెట్రోలుకు 12 వంతుల గాలి దగ్గర ఉండాల్సిన మిశ్రమం 12.9కు పలచబడుతుంది. టర్బో నిండుగా ఊదుతున్నప్పుడు పిస్టన్లు పాడవడానికి ఆ తేడా చాలు.

అంటే మా 150 హార్స్‌పవర్ ఎస్టీమ్‌కు కంపెనీ వేసిన పాత స్టీలు గొట్టమే, బయట 8, లోపల 6 మిల్లీమీటర్లు, నెట్టే లైనుగా సరిపోయేది. దాన్ని పీకేసి బొటనవేలంత లైను వేశాను నేను.

ఇప్పుడు ఘాట్ కథ. అప్పటికి టర్బో ఇంకా ఎక్కలేదు. ఇంజక్షన్, పంపు, లావు లైను అయ్యాయి. (టర్బో వేశాక ఆ కారు ట్రైలర్ మీద తప్ప రోడ్డెక్కదు. ఆర్‌సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చొద్దని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెప్తోంది.) ఏప్రిల్ మధ్యాహ్నం శృంగవరపుకోట దాటి ఎక్కుతున్నాం. వెనక సీటు కింద నుంచి పంపు కీచుమనడం మొదలుపెట్టింది. రెండు మలుపుల తర్వాత బండి దగ్గి ఆగింది. అటుగా వస్తున్న జీపు డ్రైవరు దిగి చూసి, "ఏటి బాబూ, పంపెక్కడుంది? తడిగుడ్డ ఏసీండి" అన్నాడు. అంబాసిడర్లు, ఫియట్‌లు తిరిగిన రోజుల వైద్యం అది. పావుగంటలో బండి కదిలింది. అయిదు కిలోమీటర్ల తర్వాత మళ్లీ తడిపాం.

పంపు పెట్రోలును లాగదు. ఈ మాట నమ్మడం కష్టం కానీ, బావి ఉన్న ఇళ్ల వాళ్లకు అనుభవమే. గట్టు మీద పెట్టిన మోనోబ్లాక్ మోటారు ఏడెనిమిది మీటర్ల లోతు దాటితే నీళ్లు ఎక్కించలేదు, ఎంత హార్స్‌పవర్ మోటారైనా సరే. ఎందుకంటే నీటిని పైకి నెట్టేది మోటారు కాదు, బయటి గాలి. మోటారు లోపల ఒత్తిడి తగ్గిస్తే గాలి బరువు నీటిని తోస్తుంది. గాలి తోయగలిగినంతే వస్తుంది. అందుకే సబ్‌మెర్సిబుల్‌ను బోరులోకి దించుతాం.

పెట్రోలుకు ఈ కష్టం మరీ ఎక్కువ, ఎందుకంటే అది ఆవిరైపోవడానికి కాచుకుని కూర్చుంటుంది. సముద్ర మట్టాన ఉన్న వైజాగ్‌లో గాలి ఒత్తిడి 101 కిలోపాస్కల్స్, అంటే సుమారు ఒక బార్. 38 డిగ్రీల దగ్గర పెట్రోలు ఆవిరి ఒత్తిడి 60 కిలోపాస్కల్స్ అటూఇటూ. పీల్చే లైనులో ఒత్తిడి ఆ 60కి పడిందంటే పెట్రోలు అక్కడికక్కడే మరుగుతుంది, పంపులోకి బుడగలు పోతాయి. అంటే పీల్చడంలో మనకు ఖర్చు పెట్టుకునే బడ్జెట్ 40 కిలోపాస్కల్స్. ఇక్కడే వేసవి తన వాటా తీసుకుంటుంది. పెట్రోలు 50 డిగ్రీలకు చేరితే ఆవిరి ఒత్తిడి 85, 90కి పోతుంది. బడ్జెట్ 10, 15కు పడిపోతుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు వైపు ఎక్కే కొద్దీ గాలి ఒత్తిడి కూడా పది కిలోపాస్కల్స్ దిగుతుంది. అప్పుడిక బడ్జెట్ దాదాపు సున్నా. నేను పంపుకు ముందు పదిమైక్రాన్ల సన్న ఫిల్టరు పెట్టాను, ట్యాంకులో పీల్చే గొట్టం పాతదే ఉంచాను, పంపును ట్యాంకు అడుగు కంటే పైన బిగించాను. సున్నా బడ్జెట్‌తో ఇంత ఖర్చు! పంపు తర్వాత వేసిన ఆ లావు లైను ఇందులో రవ్వంత సాయం కూడా చెయ్యలేదు, చెయ్యడం దానికి సాధ్యమూ కాదు.

పెట్రోలు అంత వేడెక్కడానికి ఎండ ఒక్కటే కారణం కాదు. నూరు వాట్ల పైచిలుకు కరెంటు తాగే పంపు ఆ శక్తిలో ఎక్కువ భాగాన్ని వేడిగా పెట్రోలుకే ఇస్తుంది. ట్యాంకులో పది లీటర్లే ఉంటే అది గంటలో ఇరవై డిగ్రీలు పెంచగలిగినంత వేడి. కొంత బయటికి పోతుందనుకోండి. పైగా రిటర్న్ అయ్యే పెట్రోలు ఇంజను పక్కన కాచుకుని వస్తుంది. అందుకే ఇలాంటి బండికి వేసవిలో ట్యాంకు పావు కిందికి దిగనివ్వకూడదు. అవసరానికి మించిన పంపు వేస్తే పెట్రోలు తిరిగిన కొద్దీ వేడెక్కుతూనే ఉంటుంది.

పరిశ్రమల్లో పంపుకు పీల్చే పైపును నెట్టే పైపు కంటే ఒక సైజు పెద్దది వేయడం ఆనవాయితీ. నేను సరిగ్గా తలకిందులుగా చేశాను. ఇప్పుడు పంపుకు ముందు వంద మైక్రాన్ల జాలి ఫిల్టరు మాత్రమే ఉంది, సన్న ఫిల్టరు పంపు తర్వాతకు పోయింది. పీల్చే లైను లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లు, పొడవు జానెడు, పంపు ట్యాంకు అడుగు కంటే కింద. నిజానికి ఇంత తంటా పడేకన్నా పంపును ట్యాంకు లోపలే దించేయడం మేలు. మళ్లీ కట్టాల్సి వస్తే అదే చేస్తాను.

రిటర్న్ లైను బాధ దీనికి పూర్తిగా వ్యతిరేకం. కార్బురేటర్ కార్లలో రిటర్న్ గొట్టం చాలా సన్నం. మాదాంట్లో బయట 6, లోపల 4 మిల్లీమీటర్లు. పైన చెప్పిన లెక్క గుర్తుందా? నాలుగు లీటర్లు దాంట్లోంచి పోవాలంటే 2.7 బార్ కావాలి. ఐడిల్‌లో మానిఫోల్డ్ (ఇంజను గాలి పీల్చే గొట్టం) వాక్యూమ్ వల్ల రెగ్యులేటరు రైల్‌ను 2.4 దగ్గర పట్టాలి. వెనక్కి పోయే దారే 2.7 అడుగుతుంటే రెగ్యులేటరు ఎంత తెరుచుకున్నా ఉపయోగం లేదు. నా గేజి ఐడిల్‌లో 3కు పైనే ఉండేది, ప్లగ్గులు నల్లబడేవి, నేను ట్యూన్ సరిచేస్తూ కూర్చునేవాణ్ణి. రిటర్న్‌ను 6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసానికి మార్చాక అది 0.4కు పడింది, గేజి దారికొచ్చింది. ఇంజక్షన్‌కు 0.4 బార్ వెనక ఒత్తిడి లెక్కలోది కాదు. కార్బురేటర్‌కు మాత్రం అలా కాదు. దానికి మొత్తం కావాల్సిందే 0.2 నుంచి 0.4 బార్. అక్కడ రిటర్న్‌ను ఇంకా ఉదారంగా వెయ్యాలి.

ఒక సందేహం రావచ్చు: పంపునే చిన్నది చేస్తే? ప్రవాహం సగం చేస్తే గొట్టంలో నష్టం మూడో వంతుకు దిగుతుంది, వేడి తగ్గుతుంది, కరెంటు తగ్గుతుంది. 150 హార్స్‌పవర్‌కు 255 లీటర్ల పంపు అక్కర్లేదని నా అభిప్రాయం. కానీ అందరూ అదే కొంటారు, దుకాణాల్లో సులువుగా దొరికేదీ అదే.

లైను లావెంత అన్నదానికంటే దారిలో అన్నిటికంటే సన్నని చోటు ఏదన్నది ముఖ్యం. ఫిల్టరు నిపుల్, ట్యాంకు మూత మీద గొట్టం, లోపలి నుంచి పెట్రోలు పారే బాంజో బోల్టు రంధ్రం, వీటిలో వెర్నియర్ పెట్టి చూడండి. 4 మిల్లీమీటర్ల ఒక్క రంధ్రం నాలుగు లీటర్ల ప్రవాహానికి 0.15 నుంచి 0.2 బార్ తినేస్తుంది. 8 మిల్లీమీటర్ల గొట్టం 4.5 మీటర్లంతా కలిసి తినేది 0.1. నిలువుగా విరిచినట్టుండే తొంభై డిగ్రీల ఎల్బో కంటే మెల్లగా వంచిన గొట్టం నాలుగైదు రెట్లు నయం.

ఏఎన్ అంకెలు కూడా మోసం చేస్తాయి. అమెరికా సైన్యం, నౌకాదళం కొలతల నుంచి వచ్చిన పద్ధతి అది. ఏఎన్ 6 అంటే అంగుళంలో పదహారోవంతులు ఆరు, అంటే 9.5 మిల్లీమీటర్లు. అది సరిపడే లోహపు గొట్టం బయటి కొలత. లోపలి దారి రబ్బరు హోస్‌లో 8.7 దాకా ఉంటుంది, పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) హోస్‌లో 8 చుట్టూ. పైగా ఏఎన్ ఫిట్టింగు కోణం 37 డిగ్రీలు, మామూలు కారు ఫ్లేర్, అంటే గొట్టం విప్పార్చిన అంచు, 45. రెండూ బిగుసుకున్నట్టే కనిపిస్తాయి, కారతాయి.

లావును బట్టి మారని నష్టం కూడా ఒకటుంది. బండి ముందుకు దూకినప్పుడు లైనులోని పెట్రోలు వెనక్కి తోస్తుంది. 1 జీ త్వరణంలో మూడు మీటర్ల లైనులో అది 0.22 బార్. గొట్టం దారమంత ఉన్నా తాటిమానంత ఉన్నా అంతే. డ్రాగ్ రేసుల కార్బురేటర్ బండ్లు ఎగిరిన క్షణంలో తడబడడానికి ఇదొక కారణం. ఇంజక్షన్‌కు పెద్ద విషయం కాదు.

హోస్ రకం గురించి క్లుప్తంగా. సైడు మీద జే30ఆర్7 అని ఉంటే అది కార్బురేటర్ ఒత్తిడికి మాత్రమే, ఆర్9 ఇంజక్షన్‌కు, ట్యాంకులో మునిగి ఉండేచోట ఆర్10. పీటీఎఫ్‌ఈ అయితే లోపలి పొర కరెంటు పారనిచ్చే నల్లరకం కావాలి, లేకపోతే స్థిర విద్యుత్తు పేరుకుంటుంది. ఏసీ మెకానిక్ దగ్గర మిగిలిన రాగి గొట్టం వాడొద్దు. రాగి పెట్రోలును జిగురు చేస్తుంది, అదురుకు గట్టిపడి పగులుతుంది. ఇక మన సముద్రపు గాలి. భీమిలి రోడ్డు వైపు ఇళ్ల గేట్లు ఎలా తుప్పు పడతాయో కారు కింద స్టీలు గొట్టమూ అంతే. అది ముందు పోయేది క్లిప్పు కింద, తడి నిలిచేచోట. అల్యూమినియం గొట్టాన్ని వట్టి స్టీలు క్లిప్పుతో పట్టినా అంతే. స్టెయిన్‌లెస్ జడ హోస్ మెరుస్తూనే ఉంటుంది, లోపల రబ్బరు ఎండినా పైకి తెలియదు. పక్కనున్నదాన్ని రంపంలా కోస్తుంది కూడా.

లైను మీద నేరం మోపేముందు పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజి చూడండి. ఇంజను నడుస్తుంటే 13.5 రావాల్సిన చోట పాత సన్న వైరు వల్ల 11.5 వస్తుంటే ఎంత లావు లైనూ దాన్ని పూడ్చలేదు.

అన్నిటికీ చివరి పరీక్ష ఒక క్యాను. ఆరుబయట, పక్కన మంటలార్పే సిలిండరు పెట్టుకుని, ఇంజను ఆపి, బ్యాటరీకి చార్జరు తగిలించి, టర్బో ఊదినట్టుగా రెగ్యులేటరు వాక్యూమ్ నిపుల్‌కు సైకిల్ పంపుతో 0.7 బార్ ఇచ్చి, రిటర్న్ చివరను ట్యాంకు నుంచి తీసి క్యానులో పెట్టి ముప్పై సెకన్లు పంపు ఆడించండి. మా ఎస్టీమ్‌లో లీటరు ఆరువందల మిల్లీలీటర్లు వచ్చింది. ఇంజనుకు కావాల్సింది అర లీటరు. నెట్టే లైను కంపెనీ వాళ్ల పాత 6 మిల్లీమీటర్లదే, మళ్లీ బిగించాను. బొటనవేలంత లైను చుట్ట చుట్టి అటక మీద ఉంది.